చీనా మర్యాద

మా బావ జకరయ్య ఎడమచేత్తో అన్నం తినేవాడు. పుట్టుకతో ఎడమచేతివాటం అయితే అది దేవుడి పని, మనం మాట్లాడేందుకు లేదు. మా బావ నలభై రెండేళ్ళు కుడిచేత్తో, అదీ పులుసు మోచేతిదాకా కారేంత శ్రద్ధగా తిని, నలభై మూడో ఏట ఉన్నట్టుండి ఎడమచేతికి మారాడు. తాను మారి ఊరుకుంటే సరే. తన ఎదుట కూర్చున్న ప్రతివాళ్ళూ మారాలన్నాడు. మెదక్‌లో మా చర్చి గోపురం నీడ పడేంత మేర ఆయన పోరు పడలేక ఎడమచేత్తో ఒక్క ముద్దయినా తినని మనిషి ఆ రోజుల్లో లేడు.

ఎందుకయ్యా ఇదంతా అంటే ఒకటే జవాబు.

"చీనా మర్యాద."

మా బావ వడ్రంగి. చర్చి బెంచీలు, బడి బల్లలు, దవాఖాన మంచాలు, అన్నీ ఆయన చేతి పనే. మా అక్క పేరు ఎలిశిబా. బైబిలు చదివినవాళ్ళకు ఆ రెండు పేర్లూ జంటగా వినగానే నవ్వొస్తుంది. పేర్లు కలిశాయనే పెద్దలు ఈ పెళ్ళి చేశారు. అయితే బైబిల్లో జకరయ్య దేవదూత మాట నమ్మనందుకు కొన్ని నెలలు మూగవాడయ్యాడని ఉంది. మా బావ విషయంలో దేవుడు ఆ భాగం మరిచిపోయాడని, వీలు చూసుకుని గుర్తు తెచ్చుకోవాలని మా అక్క రోజూ ప్రార్థనలో విన్నవించుకునేది.

ఈ పిచ్చి మొదలైంది 1948లో, పోలీసు యాక్షన్ అయి నెల తిరగకముందే. నైజాం రాజ్యం నిజంగానే పోయిందా, రజాకార్లు మళ్ళీ వస్తారా అని ఊరంతా గుసగుసలాడుతుంటే మా బావ ఉలీ రంపమూ సంచిలో వేసుకుని సికింద్రాబాదు బస్సెక్కాడు. అక్కడ లీ సాబు అనే చీనాయన నడిపే హోటలుకు గుండ్రటి బల్లలు కావాలట. మూడు వారాలు పనిచేసి, మూడు వారాలూ చీనా భోజనం చేసి తిరిగొచ్చాడు.

వచ్చిన మధ్యాహ్నమే అక్క జొన్నరొట్టె, పుంటికూర పప్పు పెట్టింది. బావ సంచిలోంచి ఒక చెక్క చెంచా తీసి, ఎడమచేత పట్టుకుని, రొట్టెను దాంతో పొడిచాడు. జొన్నరొట్టెను చెంచాతో తినబోవడం మెదక్ చరిత్రలో అదే మొదలు. రొట్టె ఎగిరి వాకిట్లో కోడి ముందు పడింది. కోడి ఏ దేశపు మర్యాదా అడక్కుండా తినేసింది.

"ఆ చేత్తోటి ఏం పని చేస్తరో ఎరికేనా?" అంది అక్క.

"సబ్బు పెట్టి కడిగిన."

"ఏడు సబ్బులు పెట్టినా గది గదే చెయ్యి."

"నాగలికి కుడిదిక్కు ఎలపటెద్దు ఎంతనో ఎడమదిక్కు దాపటెద్దు గూడ గంతనే. దాపటెద్దుకు గడ్డి ఎయ్యవా?" అన్నాడు బావ. అక్కకు దీనికి జవాబు మూడోరోజు దొరికింది గాని అప్పటికి బావ వేరే వాదంలోకి వెళ్ళిపోయాడు.

ఆ చెంచాల సంగతి చెప్పకపోతే పాపం. మొదటి విడత వేపకర్రతో చేసి అందరి నోళ్ళూ చేదు చేశాడు. రెండో విడతకు బెంచీల్లో మిగిలిన టేకు ముక్కలు వాడాడు. కాడ లావుగా, అరచేతినిండా పట్టేటట్టు ఉండేది. మెడ దగ్గర ఒక వంపు. ఆ వంపు ఎట్లాంటిదంటే, ఎడమచేత పట్టుకుంటే పప్పు నేరుగా నోట్లోకి పోతుంది, కుడిచేత పట్టుకుంటే చెవిలోకి పోతుంది. నేను ఊరికే అనడం లేదు, నా చెవిలోకే పోయింది. ఇంటింటికీ తిరిగి ఆ చెంచాలు పంచాడు. టీ హోటలుకు పోతే కప్పు ఎడమచేత్తో ఎత్తేదాకా పక్కవాణ్ణి తాగనిచ్చేవాడు కాదు. చివరికి హోటలువాడు బావను చూడగానే టీ కాచడం అయిపోయిందనేవాడు.

నేనప్పుడు ఆడపిల్లల బడిలో పంతులమ్మను. ఆధారం లేని మాట ఒప్పుకునే అలవాటు లేదు. ఏ పుస్తకంలో రాసుందో చూపించమని బావను నిలదీశాను. పుస్తకం ఎందుకు కమలా, నేను కండ్లతోటి చూసిన అన్నాడు. ఇట్లా కాదని మా నాయన దగ్గరికి పోయాను. ఆయన ముప్పై ఏళ్ళు భూగోళం చెప్పిన మనిషి. చీనావాళ్ళు నిజంగా ఎడమచేత్తోనే తింటారా నాయనా అని అడిగితే కాసేపు ఆలోచించి, "ఉండొచ్చు బిడ్డా. పెద్ద దేశం గద" అన్నాడు.

నవంబరులో చర్చిలో కోతపండుగ వచ్చింది. తొలిపంట తెచ్చి దేవుడి ముందు పెట్టి, తర్వాత అందరం బంతులుగా కూర్చుని తింటాం. మా బావ బంతి మొదటినుంచి చివరిదాకా సంచి పట్టుకుని నడుస్తూ చెంచాలు చేతిలో పెట్టాడు, ఎడమచేతిలో. అల్లాదుర్గ్ నుంచి గుమ్మడికాయలు తెచ్చిన ముసలమ్మ బాలనర్సమ్మ కూడా బంతిలో ఉంది. ఆమె నాలుగు ముద్దలు తిని, మా మనుమడు డాపల చెయ్యోడని, ఎడమచేత్తో తింటడని వాన్ని సావగొడ్తిమి, చీనాకు తోలితే దొరబాబులెక్క బతుకుతుండె అని తెగ బాధపడింది. పిల్లలు మీదా కిందా పోసుకుని నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా నాయన ఆ బంతిలో లేడు. గేటు దగ్గర ఎడ్లబండ్లు చూస్తూ నిలబడ్డాడు. వాటిని ఎవరూ ఎత్తుకుపోరని ఆయనకూ తెలుసు.

ఇక్కడ మా నాయన గురించి చెప్పాలి. ఆయన పేరు గాబ్రియేలు. కౌడిపల్లి బడిలో పంతులు. అక్షరాలకంటే ముందు ఆయన నేర్పే పాఠం కుడిచేత్తో తినడం. ఎడమచేత్తో బెల్లంముక్క నోట్లో వేసుకున్న పిల్లవాడికి తొడపాశం ఖాయం. ఆ ఏడాది ఎండాకాలం, బడికి సెలవులు. నైజాం మీద తిరగబడ్డ సంగపోళ్ళను వెతుకుతూ రజాకార్లు లారీలో ఊరిమీద పడ్డారు. రైతుల ఇళ్ళ ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని బడిలో దాక్కున్నారు. పటేలింటి కోడలు భూలక్ష్మి నిండుచూలాలు, ఆమె కూడా లోపలే ఉంది. మా నాయన తలుపు మూసి, ముందు నిలబడి, కుడిచేత్తో గుమ్మం చౌకట్టు పట్టుకుని, లోపల పరీక్ష నడుస్తున్నది, నడుమ ఎవరినీ రానియ్యను అన్నాడట. సెలవుల్లో పరీక్ష! వాళ్ళు ముందు నవ్వారట. తర్వాత ఆ చేతిమీదే లాఠీలు వేశారు. చెయ్యి విరిగింది, చౌకట్టు మాత్రం వదల్లేదు. ఇంతలో ఎక్కడినుంచో ఈల వినిపించి లారీ వెళ్ళిపోయింది. పదిరోజులకు భూలక్ష్మికి కొడుకు పుట్టాడు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా వీపు నిటారుగా అవుతుంది. నేను ఆ మనిషి కూతుర్ని.

మెదక్ తెచ్చి దవాఖానలో ఎముకలు కట్టించి మా దగ్గరే ఉంచుకున్నాం గాని ఆ వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. రెండు నెలల్లో పలకమీద దిద్ది దిద్ది ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. ఆ దస్తూరీ నా కుడిచేతి దస్తూరీకంటే బాగుంటుంది, ఒప్పుకోక తప్పదు. తిండి దగ్గరే వచ్చింది చిక్కు. ఇంట్లో గోడవైపు తిరిగి కూర్చుని, మేము చూడకుండా నాలుగు మెతుకులు తినేవాడు. బయట ఎవరు పిలిచినా ఉపవాసం అనేవాడు. క్రైస్తవుల్లో అన్ని ఉపవాసాలు చేసిన పంతులు ఇంకొకరు ఉండరు. మనిషి చిక్కి సగమయ్యాడు. నేను బతిమాలితే ఒకసారి మాత్రం నోరు విప్పాడు.

"ముప్పై ఏండ్లు పోరగాండ్లను వద్దన్న పని, ఇప్పుడు నేనే పదిమందిల కూసొని ఎట్ల చెయ్యాలె బిడ్డా?"

ఇంట్లో ఇంత బాధ పెట్టుకుని మా బావ చీనా వేషాలు వేస్తుంటే నాకు ఒళ్ళు మండేది. మీ మామకు ఉన్న దుఃఖం చాలదా, ఎడమచెయ్యి అంటే నవ్వులాటగా ఉందా అని ఒకరోజు కడిగేశాను. బావ ఉలికి పదును పెట్టుకుంటూ, చీనోళ్ళు కోపంల అన్నం తినరు కమలా అన్నాడు. ఆయనతో మాట్లాడటంకంటే ఆయన బల్లతో మాట్లాడటం నయం.

క్రిస్మసు బంతిలో ఒక వింత జరిగింది. అందరూ వంకర చెంచాలతో కిందా మీదా పడుతుంటే, మా నాయన నిదానంగా వచ్చి చివర కూర్చున్నాడు. బావ ఏమీ మాట్లాడకుండా ఒక చెంచా ఇచ్చి ముందుకు పోయాడు. నాయన తిన్నాడు. ఎవరూ ఆయన్ను చూడలేదు, ఎవరి పులుసు వాళ్ళు కాపాడుకోవడానికే సరిపోయింది. నేను మాత్రం, అయ్యో, చదువుకున్న మా నాయనకు కూడా ఈ పిచ్చి అంటుకుందే అనుకున్నాను. పంతులమ్మనే గాని నా బుర్ర అంతవరకే పనిచేసింది.

జనవరిలో నాకు సంబంధం కుదిరింది. అబ్బాయి కరుణాకర్, సికింద్రాబాదులో రైల్వే గుమాస్తా. అబ్బాయి గురించి చెప్పడానికి ఏమీ లేదు, మంచివాడు. చెప్పాల్సింది వాళ్ళమ్మ యేసమ్మ గురించి. పళ్ళెం పక్కన మెతుకు పడేసినవాళ్ళతో మూడు రోజులు మాట్లాడదని ఆమెకు పేరు. మాలో ఇరువైపుల పెద్దలు ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటేనే మాట ఖాయమైనట్టు. మా నాయన ఆ కబురు విని, నేను ప్రార్థన చేసి దీవించి బయట కూసుంట, భోజనం మీరు కానియ్యండ్రి అన్నాడు. మనవాళ్ళ ముందు తినడం వేరు, వియ్యపురాలి ముందు తినడం వేరు. పిల్ల తండ్రి ఎడమచేత్తో తిన్నాడని రేపు అత్తగారింట్లో నా బిడ్డను అంటే ఎట్లా అని ఆయన భయం.

నాయన బల్ల దగ్గర కూర్చోకపోతే నాకు ఈ పెళ్ళే వద్దన్నాను. ఊరికే అనలేదు. కౌడిపల్లి బడి తలుపుకు అడ్డం నిలబడ్డ మనిషిని గుమ్మం బయట కూర్చోబెట్టి నేను లోపల కూర్చుని తినాలా? ఆయన వినలేదు, నేను వినలేదు. వారం రోజులు ఇంట్లో ఇదే. అక్క ఏడ్చింది. అప్పుడు బావ చెక్కపొట్టు దులుపుకుంటూ వచ్చాడు.

"భోజనం చీనా హోటల్ల పెట్టుకుందాం. అక్కడ కుడిచేత్తో తింటెనే తప్పు మామా."

మా నాయన చాలాసేపు బావ ముఖంలోకి చూశాడు.

"గట్లనా? అయితే పోదాం పా" అన్నాడు.

లీ సాబు హోటలు చిన్నదే. ఎర్ర కాగితం లాంతర్లు, ఒక గోడకు నిలువుటద్దం, నడుమ మా బావ చేసిన గుండ్రటి బల్లలు. బావ మాకు ముందుగా పరిచయం చేసింది బల్లలను. ఒక్కొక్కదాన్ని తట్టి, ఇది శీశం, ఇది టేకు అని చెప్పాడు. యేసమ్మగారు బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగి, పెద్దవాళ్ళు కూర్చునే చోటు ఏదో తెలియక నిలబడిపోయింది. గుండ్రటి బల్లకు పెద్ద దిక్కు ఉండదని బావ చెప్పాడు. ఆమెకు అది నచ్చినట్టు లేదు.

తినేవి వచ్చాయి. గిన్నెలో పలుచటి సూపు, గుడ్డు కలిపి వేయించిన అన్నం, సన్నగా పొడుగ్గా సేమియాల వంటివి. పాయసంలో వేయాల్సిన సేమియాలను ఉల్లిగడ్డలు వేసి పాడుచేశారని యేసమ్మగారు మెల్లగా నాతో అంది. బావ సంచి విప్పి ఆరు చెంచాలు పంచాడు. ఎడమచేత్తో తినాలని, కుడిచేత్తో తింటే లీ సాబు మనసు కష్టపెట్టుకుంటాడని వివరించాడు. కరుణాకర్ బుద్ధిగా పట్టుకున్నాడు. మా నాయన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత చెంచా పట్టుకుని, యేసమ్మగారి ముఖం చూడకుండా కూర్చున్నాడు. యేసమ్మగారు చెంచా ముట్టుకోలేదు.

"చీనోళ్ళు ఎడమచేత్తోనా తినేది?" అంది. తాను ఎన్నడూ వినని మాట అన్నట్టు అంది.

అప్పుడు నాకు అద్దం కనిపించింది. అద్దంలో వంటింటి గుమ్మం, గుమ్మం పక్కన చిన్న బల్ల, ఆ బల్ల దగ్గర లీ సాబూ ఆయన భార్యా అన్నం తింటున్నారు. రెండు పుల్లలతో, చకచకా. అద్దంలో ఎడమ కుడి తారుమారవుతాయని తల తిప్పి నేరుగా చూశాను. కుడిచేత్తో. ఇద్దరూ కుడిచేత్తో.

ఒక్కసారిగా నాకు అన్నీ అర్థమయ్యాయి. చెంచా కాడ ఎందుకంత లావో, ఆ వంపు ఎవరి చేతి కొలతో, బంతి పొడుగునా ఆ సంచి ఎవరికోసం తిరిగిందో. బావ మూడు నెలలు ఊరంతటితో నవ్వించుకున్నది ఎవరు నవ్వులపాలు కాకూడదనో. అంతలో యేసమ్మగారు కూడా అటే తల తిప్పుతోంది. మా నాయన కూడా.

బావ సగం లేచాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. నలభై మూడేళ్ళలో మొదటిసారి దేవుడికి ఆ బైబిలు భాగం గుర్తొచ్చింది, అదీ ఆ పూటే.

లీ సాబు తలెత్తి మా బల్లవైపు చూశాడు. మా నాయన చేతిలోని చెంచా చూశాడు. అది బావ ఆ హోటలు వెనక కూర్చుని అన్నిటికంటే ముందు చెక్కిన చెంచానేనని మాకు తర్వాత తెలిసింది. లీ సాబు మూడు వారాలు పక్కన కూర్చుని, ఎవరికిది, ఎందుకిట్లా వంచుతున్నావు అని అడిగి తెలుసుకున్న చెంచా. ఆయన ఏమీ జరగనట్టు పుల్లలు రెండూ ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. భార్య ఆయన్ను ఎగాదిగా చూసింది. ఆయన వాళ్ళ భాషలో ఒక్క ముక్క అన్నాడు. ఆమె కూడా మార్చుకుంది. లీ సాబు ఎత్తిన మొదటి ముక్క ఒళ్ళో పడింది. రెండోది సూపులో పడింది. మూడోది నేలమీదికి పోయింది. ఆయన ముఖం మాత్రం ప్రార్థనలో ఉన్న చర్చి అయ్యగారి ముఖంలా ఉంది.

యేసమ్మగారు అదంతా చూసింది. తర్వాత మా నాయన ఒళ్ళో ఉన్న చెయ్యి చూసింది. ఆమె ఏం అనుకుందో ఈనాటికీ నాకు తెలియదు, నలభై ఏళ్ళ కాపురంలో నేను అడగనూ లేదు, ఆమె చెప్పనూ లేదు. చెంచా ఎడమచేత్తో తీసుకుంది. అన్నం ఎత్తింది. సగం పట్టుచీరమీద పడింది. పళ్ళెం పక్కన మెతుకు పడితే మూడు రోజులు మాట్లాడని మనిషి!

"అన్నా, మీకు మంచిగ అలవాటున్నట్టుంది. నాకు జర చూపెట్టుండ్రి" అంది మా నాయనతో.

మా నాయన తలెత్తాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. ఆ ఎండాకాలం తర్వాత మొదటిసారి ఆయన గొంతులో పంతులు మళ్ళీ వినబడ్డాడు. బొటనవేలు మీద పెట్టుండ్రమ్మా, మణికట్టు బిగవట్టొద్దు, తొందరపడొద్దు, మొదటి రోజు ఎవరికీ రాదు అని వరసగా పాఠం మొదలుపెట్టాడు. కరుణాకర్ తప్పు పట్టుకుంటే దిద్దాడు. మా అక్కను, ఇన్ని దినాలాయె ఇంక రాలేదా అని కసిరాడు. మాకు నేర్పుతూ నేర్పుతూ రెండు పళ్ళేలు తిన్నాడు. ఆ బల్లకు పెద్ద దిక్కు లేదని మా బావ అన్నాడు గాని, ఆ పూట పెద్ద దిక్కు మా నాయన కూర్చున్న చోటే. గర్వంతో నాకు అన్నం దిగలేదు. ఎడమచేత్తో కళ్ళు తుడుచుకుంటే చెంచా కాడ ముక్కుకు తగిలింది.

తిరుగు బస్సులో బావ పక్కన కూర్చుని, లీ సాబు మొదట కుడిచేత్తో తినడం నేను చూశానని చెవిలో చెప్పాను. బావ కిటికీలోంచి చూస్తూ తల అడ్డంగా ఊపాడు.

"ఈ దేశం నీళ్ళు తాగి పాడైండు. వాళ్ళ మర్యాద వాళ్ళే మరిచిపోతుండ్రు" అన్నాడు ఎంతో బాధగా.

కౌడిపల్లి దాటి ఇంటికి చేరాక మా నాయన నన్ను పక్కకు పిలిచాడు. ఆయన చేతిలో పాత భూగోళం పుస్తకం ఉంది. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన పుస్తకం. చీనా దేశం పేజీ తీసి చూపించాడు. బొమ్మలో ఒక చీనాయన అన్నం తింటున్నాడు, కుడిచేత్తో.

"ఎరికుండే నాయనా నీకు? మొదటినుంచి?"

"జకరయ్యతోటి అనకు బిడ్డా. అబద్ధమాడ చేతగాని మనిషి, మూడు నెలలసంది ఎంత పరేషాన్ అయి ఆడుతుండో. మంచిగ కుదిరింది, ఎందుకు ఖరాబు చెయ్యాలె?" అని పుస్తకం పెట్టె అడుగున పెట్టి తాళం వేశాడు.

మా నాయనా లేడు, మా బావా లేడు ఇప్పుడు. మా ఇంట్లో క్రిస్మసు భోజనంలో మొదటి ముద్ద ఈనాటికీ టేకు చెంచాతో, ఎడమచేత్తోనే తింటాం. మొన్న కొత్త అల్లుడు అదేమిటని అడిగాడు. మా ఇంటి పిల్లలంతా ఒక్కసారే జవాబు చెప్పారు, చీనా మర్యాద అని. పాపం, అతని పప్పు చెవిలోకి పోయింది. కుడిచేత్తో పట్టుకున్నాడు మరి.